బిడ్డ తాగిన నీళ్లు

"మల్లేశం! ఓ మల్లేశం! ఎక్కడున్నవయ్యా? వచ్చి కాంట ఎక్కు!"

మానుకోట దవాఖానలో డయాలసిస్ గది తలుపు పట్టుకొని నర్సు సరళ కేకేసింది. బెంచీ మీద కునుకుతున్న మల్లేశం ఉలిక్కిపడి లేచాడు. చెప్పులు విడిచాడు. జేబులోంచి సెల్లు తీసి భార్య రాణికిచ్చాడు. సెల్లు కూడా బరువేనని అతని నమ్మకం. ఇంత చేసి, గుళ్లో అడుగుపెట్టినట్టు మెల్లగా కాంట ఎక్కాడు.

"యాభై ఆరున్నర," అంది సరళ రాసుకుంటూ. "మొన్నటికంటె కిలోనే పెరిగినవు. అందరు మూడు కిలోలు, నాలుగు కిలోల నీళ్లు ఒంట్లె మోసుకొస్తరు. నీకు దూప గాదా మల్లన్నా?"

"నాకెందుకైతది సిస్టరమ్మా. నా బిడ్డ తాగుతది గద."

"అట్లనా," అంది సరళ. మంచం మీది దుప్పటి సర్ది, సూదులు తీసింది.

పక్క మంచం మీద జైసింగ్ అనే ముసలాయన అప్పటికే గొట్టాలు తగిలించుకొని పడుకొని ఉన్నాడు. అతను నవ్వాడు. "అదృష్టమంతునివి మల్లన్నా. నా కొడుకు గూడ తాగుతడు. కాకపోతే నాకోసం గాదు."

గదిలో అందరూ నవ్వారు. నవ్వితే నోరు ఇంకా ఎండుతుందని తెలిసి కూడా నవ్వారు.

కిడ్నీలు పోయినవాళ్లకు ఆకలి కంటె దూపే పెద్ద శిక్ష. తాగిన నీళ్లు బయటికి పోవు. ఒంట్లోనే నిలిచి కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరి బరువెక్కుతుంది. అందుకని డాక్టరు రోజుకు రెండు గ్లాసులే రాసిచ్చాడు. గోలీలు మింగడానికి ఒకటి, బతకడానికి ఒకటి. ఉప్పు అసలే వద్దన్నాడు.

ఈ శిక్ష మల్లేశానికి పడటమే విచిత్రం. నెల్లికుదురు దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్లు కల్లు గీయడానికి తాళ్లెక్కిన మనిషి. పొద్దున్నే కల్లు లొట్లు దించుకొని చెట్ల కింద కూర్చుంటే, ఊరోళ్లు, పక్క తండావాళ్లు తాటాకు రేకలు పట్టి వరసగా కూర్చునేవాళ్లు. ఎవరి రేక ఖాళీ అయ్యిందో చూడకుండానే తెలిసేది అతనికి. ఊరి దూపంతా తీర్చిన మనిషి నోరు ఇప్పుడు ఎండిన తాటిమట్ట లెక్క అయింది.

డయాలసిస్ సూదులు మొదలైన రెండో వారంలో జరిగింది ఆ సంగతి. ఆషాఢం వచ్చినా వాన లేదు. మల్లేశం మంచం మీద పడుకొని నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు. తడుపుకోవడానికి నాలుక మీద కూడా తడి లేదు. బయటినుంచి వచ్చిన కూతురు జ్యోత్స్న కుండ దగ్గర నిలబడి చెంబెడు నీళ్లు ఎత్తి తాగింది. ఆమె ఒక్కొక్క గుటక వేస్తుంటే మంచం మీద మల్లేశం గొంతు ఒక్కొక్కసారి కదిలింది. చెంబు ఖాళీ అయ్యేసరికి అతని కళ్లు చల్లబడి, మూతలు పడ్డాయి.

"నాయినా, దూప పోయిందా?" అంది జ్యోత్స్న.

"పోయింది బిడ్డా."

రాణి కూరగాయలు తరుగుతున్నది. తల ఎత్తి ఇద్దరినీ చూసింది. "అయితే ఇంకో చెంబు తాగు," అంది.

అంతే. ఆ రోజునుంచి ఆ ఇంట్లో తండ్రి దూప కూతురు తాగుతూ వచ్చింది. నీళ్లు ఆమె కడుపులోకే పోయేవి. అతనికి చల్లదనం ఒక్కటే వచ్చేది. వెన్నెల వచ్చినట్టు, బరువు లేకుండా.

జ్యోత్స్నకు ఇరవై రెండేళ్లు. ఒక్కతే కూతురు. నాయినకు జబ్బు చెయ్యగానే డిగ్రీ ఆపేసి జనగామలో బట్టల దుకాణంలో పనికి కుదిరింది. చీరెలు విప్పి చూపించడం, మళ్లీ మడత పెట్టడం. వారమంతా అక్కడే స్నేహితురాలి గదిలో ఉండి ఒక్కరోజు ఇంటికొచ్చేది. దూరం అడ్డం కాలేదు. తాగేముందు ఆమె ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒకటి మోగితే నీళ్లు. రెండు మోగితే చెరుకురసమో, సోడానో. రెండు మోగగానే మల్లేశం ఉన్న పని ఆపి, మీసం తుడుచుకొని, కళ్లు మూసుకొనేవాడు.

చెప్పుకుంటే ఎవరికైనా విడ్డూరమే గానీ, ఆ ఇల్లు అంతకుముందు ఎన్నడూ అంత సంబురంగా లేదు. జబ్బు లేని రోజుల్లో తండ్రీ కూతుళ్లు రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆమె చెరుకురసం తాగితే అతను "అల్లం ఎక్కువేసిండు" అని ఫోన్ చేసేవాడు. ఒకసారి జనగామ బస్టాండు ముందర ఆమె నిమ్మసోడా తాగితే, మానుకోటలో సూదులు గుచ్చుకొని పడుకున్న మల్లేశం గట్టిగా తేన్చాడు.

"ఏం సోడా?" అంది సరళ, మిషను మీంచి చూపు తిప్పకుండా.

"నిమ్మకాయ."

జైసింగ్ నోరూరినట్టు చూశాడు. "మల్లన్నా, ఒక్కసారి నా పేరు గూడ తల్చుకొని తాగుమను బిడ్డను."

మరుసటి వారం జ్యోత్స్న జైసింగ్ తాతను మనసులో తల్చుకొని పెద్ద గ్లాసెడు మజ్జిగ తాగింది. అది మల్లేశానికే వచ్చింది. ముసలాయన కొద్దిసేపు గొంతు పట్టుకొని చూసి, "పోనీ తియ్. అడిగినందుకే సగం తీరింది," అన్నాడు. ఆ తర్వాత పుష్యమాసంలో ఆ మంచం మీదికి కొత్త మనిషి వచ్చాడు. సరళ దుప్పటి మార్చింది. 

అంతకుముందు, దసరా నాడైతే ఊరే కదిలి వచ్చింది. మల్లేశం తాళ్లను ఇప్పుడు జగపతి ఎక్కుతున్నాడు. అతను అయిదు చెట్ల కల్లు అయిదు లొట్లలో తెచ్చి ఆకిట్లో పెట్టాడు. మల్లేశాన్ని అటు గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. జ్యోత్స్న సిగ్గుపడుతూ ఒక్కో లొట్టినుంచి ఒక్కో గుక్క తాగింది.

"ఇది బాయికాడి చెట్టుది," అన్నాడు మల్లేశం గోడతో.

"ఔ!" అన్నాడు జగపతి.

"ఇది పిడుగు పడ్డ తాడుది. ఇది... అరే జగపతిగా, లొట్టి కడుగలేదురా నువ్వు!"

ఆకిలంతా నవ్వులే. రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఇంట్లోకి పోయి ఎందుకో కొద్దిసేపు బయటికి రాలేదు. ఆ రోజు పక్కింటి లచ్చమ్మ అనే ముసలామె మాత్రం నవ్వలేదు. పొగచుట్ట ఆర్పుకుంటూ, "మా ఆయనకు మా ఆడిబిడ్డ తాగేది," అంది. "మంచిగనే నడిచింది. దాని పెండ్లయింది, ఇంటిపేరు మారింది, నీళ్లు వచ్చే తొవ్వ గూడ మారింది. మా ఆయన కుండ ముంగట కూసోనే పాణం ఇడిచిండు."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మల్లేశం పట్టించుకున్నాడు.

చలికాలం మొదట్లో ఒక గురువారం సాయంత్రం, ఫోన్ మోగకుండానే, అతని నాలుక మీదికి చాయ్ వచ్చింది. అల్లం చాయ్, వేడిగా. నాలుగు గుక్కలు వచ్చి ఆగిపోయింది. మల్లేశం ఎదురుచూశాడు. మిగతాది రాలేదు. వచ్చే గురువారం అదే వేళకు మళ్లీ వచ్చింది. మళ్లీ సగమే.

కల్లు పోసిన చేతికి కొలత తప్పదు. ఒక గ్లాసును ఇద్దరు పంచుకుంటున్నారని అతనికి అర్థమైంది. తన బిడ్డ పెదాలు ఆనిన గ్లాసును ఇంకెవరో అందుకుంటున్నారు. ఆ చాయ్‌లో చక్కెర ఎంతుందో చెప్పలేకపోయాడు గానీ, తాగుతున్న పిల్ల నవ్వుతున్నదని మాత్రం తెలిసింది. నవ్వుతూ తాగిన చాయ్ గొంతులో కొద్దిగా ఎగిరెగిరి దిగుతుంది. మల్లేశం ఎవరికీ చెప్పలేదు. గురువారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. భయపడటం కూడా అప్పుడే మొదలైంది.

ఫాల్గుణంలో పక్క తండా హీర్యా వచ్చాడు.

రాణి మిరపకాయలు ఏరే కూలికి పోయింది. మల్లేశం రేకుల పందిరి కింద ఒక్కడే ఉన్నాడు. తండానుంచి రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి వచ్చిన హీర్యా ఉతికిన ధోతి కట్టాడు. చేతిలో కాగితంలో చుట్టిన బెల్లం ఉంది.

"బాగున్నవా మల్లేశన్నా?"

"ఉన్న. కూసో."

హీర్యా కూర్చొని తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. మల్లేశం చెయ్యి చాపితే అందేటంత దూరంలో కుండ ఉంది. కుండ మీద చెంబు బోర్లించి ఉంది. ఆ పల్లెల్లో గడప ముందుకొచ్చినవాడు పగవాడైనా సరే, ముందుగాల చెంబుతో నీళ్లిస్తారు. తాగినంక అడుగుతారు, ఎందుకొచ్చినవని.

హీర్యా కుండవైపు ఒకసారి చూసి, తనే మొదలుపెట్టాడు.

"మా కొడుకు కల్యాణ్‌కు మీ జ్యోత్స్నంటే ఇష్టమంట. వాడు గురువారం గురువారం పత్తి బండి తోలుకొని జనగామ మార్కెట్‌కు పోతడు గద, అక్కడ కలుస్తరంట. మా కులం వేరే, మీ కులం వేరే. నేను గూడ రెండు నెలలు కొట్లాడిన వానితోని. ఇగ గాదనుకొని వచ్చిన. నువ్వేమంటవు?"

మిగిలిన సగం చాయ్ ఎవరిదో మల్లేశానికి తెలిసింది. అతనికి కోపం రాలేదు. చిన్నప్పుడు హీర్యా వేలు పట్టుకొని తాళ్ల కిందికి వచ్చి, ముంజకాయలు ఇచ్చేదాకా కదలని పిల్లవాడు గుర్తొచ్చాడు. మంచి పిల్లగాడే. ఆ వెంటనే లచ్చమ్మ మాట గుర్తొచ్చింది. ఇంటిపేరు మారుతది. నీళ్ల తొవ్వ మారుతది. పొద్దున జ్యోత్స్న రెండు చెంబులు తాగింది, అయినా అతని నాలుక ఒక్కసారిగా అంగిలికి అతుక్కుపోయింది.

చెయ్యి చెంబుదాకా పోయింది. నీళ్లిస్తే హీర్యా తాగుతాడు, కుదురుగా కూర్చుంటాడు, ఇంకా నాలుగు మాటలడుగుతాడు. మల్లేశం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా బిడ్డనే వద్దన్నది, హీర్యన్నా," అన్నాడు. "నిన్న ఫోన్ జేసి చెప్పింది. వాళ్లొస్తే నువ్వే ఎట్లనో చెప్పి పంపియ్యి నాయినా, నాకిష్టం లేదు అన్నది."

 చీమ ఒకటి బెల్లం కాగితం మీదికి ఎక్కుతుంటే హీర్యా ఊదేశాడు. లేచి నిలబడ్డాడు.

"ఇరవై ఏండ్లు నీ చేతి కల్లు తాగిన మల్లేశన్నా. పిల్లనిచ్చుడు, ఇయ్యకపోవుడు నీ ఇష్టం. గుక్కెడు నీళ్లన్న ఇయ్యవైతివి."

బెల్లం తువ్వాలలో చుట్టుకొని ఎండలోకి వెళ్లిపోయాడు. రాణి వచ్చి, "ఎవరన్న వచ్చిండ్రా?" అని అడిగితే, "ఎవరు రాలే," అన్నాడు మల్లేశం.

ఆ గురువారం చాయ్ రాలేదు. శనివారం ఫోన్ ఒకసారి మోగింది. నీళ్లు. మల్లేశం కళ్లు మూసుకున్నాడు. నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

ఆ రుచి అతనికి తెలుసు. ఎండాకాలం చెట్టెక్కినప్పుడు మీసం మీదికి జారే చెమట అట్లనే ఉంటుంది. జనగామ గదిలో జ్యోత్స్న గోడకు ఆనుకొని, ఫోనులో వచ్చిన ఒక్క ముక్కను చదివిందే చదువుతున్నది. 'మంచిగుండు. ఇగ నాకు ఫోన్ చెయ్యకు.' తిరిగి చేస్తే కల్యాణ్ ఫోన్ కలవడం లేదు. ఎందుకో ఆమెకు తెలియదు. ఏడుస్తూనే వేళకు నీళ్లు తాగింది, నాయినకు దూపవుతుందని. కన్నీళ్లు గ్లాసులో పడ్డాయి, గొంతులోకి దిగాయి. నీళ్లయితే చల్లదనమే వచ్చేది. ఉప్పుకు ఆ నియమం లేదు. ఉప్పు ఉప్పులాగే వచ్చింది.

మల్లేశం కాళ్లు ఉబ్బాయి. ఉప్పు దూపను లేపింది. లేచిన దూప ఎంత తాగినా పోలేదు. దొంగతనంగా కుండలో చెయ్యి పెట్టి చప్పరించాడు.

"నాలుగున్నర కిలోలా!" కాంట దగ్గర సరళ గొంతు పెంచింది. "ఏం తింటున్నవయ్యా? అమ్మా, నువ్వు కూరల ఉప్పేస్తున్నవా? మొగని మీద ప్రేమా పావురంతోని పాణం తీస్తవా?"

రాణి అందరి ముందర చెయ్యి చాపి ఒట్టేసింది. ఇంటికి పోయి ఉప్పు జాడీ ఎత్తుకొని లచ్చమ్మ ఇంట్లో పెట్టివచ్చింది. పొయ్యి ముందర కూర్చొని తనలో తాను మాట్లాడుకుంది.

"పది నెలల సంది నేను గూడ సప్పటిదే తింటున్న. మనిషి ముంగట ఉప్పు తినుడెందుకని. మామిడికాయ తొక్కు వాసన చూసి మూత పెట్టిన. గిప్పుడు నేనే ఉప్పు పెట్టి సంపుతున్ననట."

మల్లేశం విన్నాడు. ఉప్పు ఎక్కడినుంచి వస్తుందో ఆ ఇంట్లో అతనికొక్కడికే తెలుసు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు కూతురికి ఫోన్ చేశాడు. "కొన్నొద్దులు నాకోసం తాగకు బిడ్డా."

"నేను తాగకుంటే నువ్వెట్ల బతుకుతవు నాయినా?" అంది జ్యోత్స్న. ఆమె గొంతు జలుబు చేసినట్టుంది. ఆ రోజు మామూలుకంటె రెండు చెంబులు ఎక్కువ తాగింది.

వైశాఖంలో ఒక పొద్దున మల్లేశానికి ఊపిరి ఆడలేదు. జగపతి, రాణి ఆటోలో వేసుకొని మానుకోటకు తెచ్చారు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లొచ్చాయన్నారు. నాలుగు రోజులు ముక్కుకు గొట్టం. ఇంకోసారి ఇంత ఉప్పు పోతే గుండె ఆగుతుందని డాక్టరు రాణికి చెప్పి పోయాడు. జనగామనుంచి పరుగెత్తుకొచ్చిన జ్యోత్స్నను సరళ వరండాలో ఆపింది.

"మీ అమ్మ ఇంట్ల ఉప్పే లేదంటది. ఆమెను చూస్తె అబద్ధం లెక్క లేదు. మరి ఎక్కడికెల్లి వస్తుందమ్మా గింత ఉప్పు?"

జ్యోత్స్న కిటికీలోంచి తండ్రి ఉబ్బిన పాదాలను చూసింది. తర్వాత రెండు చేతులతో కళ్లు తుడుచుకుంది, గట్టిగా, మళ్లీ ఎప్పుడూ తడి రాకుండా తుడుస్తున్నట్టు.

ఇంటికొచ్చిన మరునాడు ఆమె నాయిన మంచం దగ్గర కింద కూర్చుంది. చేతిలో చెంబు ఉంది.

"నా వల్లనే నాయినా," అంది. "నాకొకడంటే ఇష్టముండె. ఎవరన్నది ఇప్పుడెందుకు. వాడు నన్ను ఇడిచిపెట్టిండు. నేను ఏడ్చిన. ఏడ్చుకుంట తాగిన. గదంత నీకు తాకుతదని నాకు సోయి లేకపాయె. అమ్మను అందరు మాటలన్నరు. నన్ను మాఫ్ చెయ్యి. ఇగ ఏడ్వ, ఒట్టు."

ఆమె నవ్వి, చెంబెత్తి తాగింది. మల్లేశం గొంతు కదిలింది. ఉప్పు లేదు. చల్లదనం కూడా లేదు. మరగకాచి చల్లార్చిన నీళ్ల లెక్క, ఏ రుచీ లేకుండా దిగాయి. తన బిడ్డ లోపల ఏదో కట్టేసుకున్నదని అతనికి తెలిసిపోయింది. ఏడ్చే పిల్ల నీళ్లయినా ఇంతకంటె నయమనిపించింది.

"ఆటో పిలువు," అన్నాడు.

"దవాఖానకా నాయినా? ఊపిరి ఆడ్తలేదా?"

"తండాకు. హీర్యా ఇంటికి."

జ్యోత్స్న చేతిలో చెంబు ఆగిపోయింది. "అక్కడేం పని?"

"ఉన్నది. నడువు."

తండాలో హీర్యా ఇంటి ముందర ఆటో ఆగేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. హీర్యా వేపనీడలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. వచ్చినవాళ్లెవరో చూసి ముఖం తిప్పుకున్నాడు. అతని భార్య చాందీ మాత్రం ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. మల్లేశం ముందర నిలబడి చెంబు చాపింది.

"తీసుకో అన్నా. మా గడపల ఎవరొచ్చినా నీళ్లిస్తం."

ఆ మాటకు మల్లేశం తల దించుకున్నాడు. చాందీ జ్యోత్స్నవైపు తిరిగింది. ఆమె కళ్లల్లో ఎండ కంటె ఎక్కువ మంట ఉంది.

"మా కల్యాణ్ భూపాలపల్లిల బొగ్గు లారీ తోలుతున్నడు. మంచిగనే ఉన్నడు. ఐతారం బయ్యారం పోతున్నం, పిల్లను చూసి మాటిచ్చేటందుకు. నువ్వు పరేషాన్ గాకు."

జ్యోత్స్న నేలను చూసింది. ఏడవలేదు. ఒట్టు పెట్టింది కదా. ఒక్క గుటక మింగింది, అంతే. మల్లేశం నాలుక మొదట్లో ఉప్పు భగ్గుమన్నది.

అలవాటుకొద్దీ ఆమె చెంబు కోసం చెయ్యి చాపింది. "నాయిన తాగొద్దు. ఆయనకు నేను తాగుత."

"వద్దు," అన్నాడు మల్లేశం. "గివి నా నీళ్లు. నేనే తాగాలె."

రెండు చేతులతో చెంబు అందుకున్నాడు. కొన్ని నీళ్లు ఛాతీ మీద ఒలికాయి. ఏడాది తర్వాత మొదటిసారి తన నోటితో, తన కోసం, నిండుగా ఒక్క గుక్క తాగాడు. బరువుగా, నిజంగా దిగాయి. చెంబు కింద పెట్టాడు. హీర్యాను చూడబోయాడు, చూడలేక బిడ్డ ముఖం చూశాడు.

"నా బిడ్డ వద్దనలే, హీర్యన్నా. నువ్వొచ్చిన ముచ్చటనే దానికి తెల్వది. నేను అబద్ధమాడిన. కులమని గాదు, మీవోడు మంచోడు గాదని గాదు. ఇది పెండ్లి జేసుకొని పోతే నాకు నీళ్లాగిపోతయని భయమైంది. నీకు చెంబెడు నీళ్లియ్యకుండ ఎండల పంపిన. బిడ్డా... నా గొంతు తడుపుకునేటందుకు నీ గొంతు కోసిన."